సముద్రము దాఁటిన లిపి

తూర్పు సముద్రమున కావలనున్న దేశములకు భారతీయ సంస్కృతి వ్యాపించిన విధమును గూర్చి చరిత్రకారులలో రెండు పక్షములు కలవు. మొదటి పక్షమువారు దానిని వలసగాఁ దలంచిరి. 1926లో కలకత్తాయందు బృహద్భారత పరిషత్తు స్థాపింపఁబడెను. ఆ కాలముననే రమేశచంద్ర మజుందారు పండితుఁడు చంపారాజ్య చరిత్రమును వ్రాసి, దూరప్రాచ్యమందలి ప్రాచీన భారతీయ వలసరాజ్యములలో దాని నొకటిగాఁ బేర్కొనెను. పరపాలనము క్రింద నున్న జాతికి, తన పూర్వులును సముద్రములు దాఁటి రాజ్యములు స్థాపించి రనుమాట యుత్సాహము గొలుపుట సహజము. రెండవ పక్షమువారు దీనికి మాఱుగా, ఆయా దేశముల ప్రజలే ప్రధానకర్త లనిరి. భారతదేశమునుండి వచ్చిన మతములును ఆచారములును అచ్చటి జీవనముపైఁ బలుచని పైపూఁత మాత్రమే యనియు, బ్రాహ్మణులను బిలిపించినవారు ఆ దేశపు రాజులే యనియు వాన్ లూర్ అను డచ్చి పండితుఁడు 1934లో వాదించెను.

మొదటి పక్షమును తుదివఱకుఁ గొనిపోయినచో ఆ దేశములవారు కేవలము దానగ్రహీత లగుదురు. రెండవదానిని తుదివఱకుఁ గొనిపోయినచో భారతీయుల రాకపోకలకు ఫలితమే లేకపోవును. ఈ వివాదము నేఁటికిని పూర్తిగా సమసిపోలేదు. దీనిని తేల్చుటకు దేవాలయములను, శిల్పములను, కథలను సాక్ష్యములుగాఁ జూపుట పరిపాటి. కాని వీని యన్నిటికన్న నిలకడ గల సాక్షి యొకటి కలదు. అది లిపి.

లిపి సాక్ష్యము

ఒక దేశపు వస్తువు వేఱొక దేశమున దొరకినంతమాత్రమున, ఆ దేశపు సంస్కృతి యచ్చట నాటుకొన్నదని చెప్పరాదు. స్వీడను దేశమందలి హెల్గో యను చిన్న దీవిలో 1950 తరువాత జరిగిన త్రవ్వకములందు, భారత ఉపఖండపు వాయవ్యభాగమునఁ బోఁతపోసిన కంచు బుద్ధవిగ్రహ మొకటి దొరకినది. అది క్రీ. శ. 6వ శతాబ్ది ప్రాంతపుది. అంతమాత్రమున స్వీడనులో నాఁడు బౌద్ధమతము వెలసెనని యెవ్వరు ననరు. విగ్రహము చేతులు మాఱుచు, దాని యర్థ మెఱుఁగనివారి మూటలలోఁ గూడఁ బయనింపఁగలదు. పూసయుఁ బాత్రయు నాణెమును అట్టివే.

లిపి యట్లు గాదు. అక్షరము నేర్చువానికి నేర్పువాఁడొకఁడు కావలెను. ఇరువురును కొంతకాల మొకచోఁ గూర్చుండవలెను. నేర్చినదానిని మఱల మఱల వ్రాయు నవసరము కలుగవలెను. వ్రాసినదానిని చదువువారుండవలెను. ఒక దేశమున శాసనములు వరుసగా వెలసిన వనఁగా, ఇవి యన్నియు నచ్చట సమకూరిన వనియే యర్థము. అంతియ కాదు. అక్షరరూపములు తరమునుండి తరమునకు మాఱుచుండును గనుక, శాసనము పుట్టిన కాలమును, దానిని వ్రాసినవాని గురుపరంపర వచ్చిన దిక్కును కొంతవఱ కూహింప వీలగును.

ఆంధ్రతీరము

1837లో జేమ్సు ప్రిన్సెపు బ్రాహ్మీలిపిని చదివి తేల్చెను. భారతదేశమున నేఁడు వాడుకలోనున్న దేశీయలిపులలో ననేకములు, తెలుఁగు లిపియు నందుఁ జేరి, ఆ బ్రాహ్మికి సంతతియే. ఆంధ్రదేశమున ఎఱ్ఱగుడి శిలలపై అశోకుని ధర్మలిపులు నిలిచియున్నవి. భట్టిప్రోలు స్తూపమునందు 1892లో అలెగ్జాండరు రీ కనుఁగొనిన ధాతుకరండములపై బ్రాహ్మికిఁ జెందిన యొక ప్రత్యేకభేదము కానవచ్చుచున్నది. సామాన్యబ్రాహ్మిలో హల్లును వ్రాసినంతనే యకారము దానితోఁ జేరియుండును. భట్టిప్రోలులో నా యకారమునకును వేఱుగా గుర్తు పెట్టఁబడినది. ఇది చిన్న విషయముగాఁ దోఁపవచ్చును. కాని ఉత్తరమునుండి వచ్చిన లిపిని కృష్ణాతీరపు లేఖకులు యథాతథముగాఁ గైకొనక, తమ యవసరమునకుఁ దగినట్లు సవరించుకొని రనుటకు ఇది తొలినిదర్శనము. ఈ పద్ధతియే తరువాత సముద్రమున కావలను గానవచ్చును.

ఆ తీరమునుండి నావలు తూర్పునకుఁ బోవుచుండెడివి. క్రీ. శ. 2వ శతాబ్దియందలి గ్రీకు భూగోళశాస్త్రవేత్త టాలెమీ కృష్ణాముఖప్రాంతమును మైసోలియా యని పేర్కొని, అందు కొంటకోసిల యను రేవును జెప్పెను. ఆ తీరముననే సువర్ణభూమికిఁ బోవు నావలు ఒడ్డు విడిచి నడిసముద్రమునకు మఱలు స్థల మొకటి కలదనియు వ్రాసెను. కొంటకోసిల నేఁటి ఘంటసాల. నాగార్జునకొండ శాసనమున దాని పేరు కంటకసోల. శాతవాహనుల నాణెములలోఁ గొన్నింటిపై రెండు స్తంభముల నావ ముద్రింపఁబడినది. ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 14వ పాలనవర్షమున వెలసిన నాగార్జునకొండ శాసనము, కాశ్మీర గాంధారములు మొదలుకొని చీనాదేశమువఱకు ధర్మము నెఱింగించిన తామ్రపర్ణీద్వీపపు థేరులను స్తుతించుచున్నది. దూరదేశముల పేళ్లు కృష్ణాతీరవాసులకుఁ గొత్తవి కావనుట కిది చాలును.

ఇక్ష్వాకులు, శాలంకాయనులు, తొలిపల్లవులు, కదంబులు వాడిన లిపులు ఒకే దాక్షిణాత్యబ్రాహ్మికి శాఖలు. తూర్పుదేశముల ప్రాచీనశాసనములు ఈ కుటుంబమునకే చెందినవి. వోగెలు అను డచ్చి పండితుఁడు 1918లో బోర్నియో శాసనములను విమర్శించుచు ఆ లిపిని పల్లవగ్రంథ మనెను. ఆ పేరు పెక్కేండ్లు నిలిచినది. కాని పల్లవుల ప్రాభవమునకు ముందే యీ లిపి సముద్రము దాఁటియుండుటచేత, ఉత్తరకాల దక్షిణబ్రాహ్మి యనుటయే యుచితమని యిటీవలి పరిశోధకులు తలంచుచున్నారు. ఈ దిద్దుబాటు పేరునకు మాత్రమే సంబంధించినది కాదు. లిపికి ఒక రాజవంశము పేరు పెట్టినతోడనే, ఆ వంశమే దానిని సముద్రము దాఁటించినదను భ్రమ పుట్టును. లిపిని పంపితినని చెప్పుకొన్న రాజు శాసనములలో నొక్కఁడును లేఁడు.

తొలి శాసనములు

వియత్నాము దేశమున న్యాచాంగు పట్టణసమీపమందలి వోకాన్ గ్రామమున నొక సంస్కృతశిలాశాసనము కలదు. క్రీ. శ. 3వ శతాబ్దినుండి 5వ శతాబ్దివఱకు వేర్వేఱు కాలములను దానికిఁ బండితులు సూచించిరి. శ్రీమారుని కులమునఁ బుట్టిన రాజొకఁడు తన వెండిబంగారములను, స్థావరజంగమములను తనవారికై విడిచెనని యందుఁ గలదు. తూర్పుదేశముల సంస్కృతశాసనములలో మిక్కిలి ప్రాచీనమైనవానిలో నిది యొకటి.

క్రీ. శ. 400 ప్రాంతమున బోర్నియో దీవి తూర్పుభాగమున, కుతై ప్రాంతమందలి మూవారకామనులో, మూలవర్మయను రాజునకు సంబంధించిన యూపశాసనములు వెలసినవి. 1879లో నాలుగును, 1940లో మూఁడును దొరకినవి. ఇవి సంస్కృతశ్లోకములు. వప్రకేశ్వరమను పుణ్యక్షేత్రమున నా రాజు బ్రాహ్మణులకు 20,000 గోవుల నిచ్చెననియు, నానాదేశములనుండి వచ్చిన బ్రాహ్మణులు యూపమును నిలిపిరనియు వీనివలనఁ దెలియుచున్నది. వీనిలోని వంశక్రమము గమనింపఁదగినది. మూలవర్మ తండ్రి యశ్వవర్మ, తాత కుండుంగుఁడు. కుండుంగ శబ్దము సంస్కృతము గాదు. ఆ దేశపుఁ బేరని పలువురి యభిప్రాయము. అయినను వంశకర్తగాఁ గీర్తింపఁబడినవాఁడు అశ్వవర్మయే. భారతదేశమునుండి వచ్చినవాఁ డొకఁడు ఆ రాజ్యమును గెలిచి స్థాపించియుండినచో, సంస్కృతనామము తాతకుండి, దేశ్యనామము మనుమనికి వచ్చియుండెడిది. జరిగినది దీనికి విపరీతము. దేశపు నాయకుని కుమారుఁడు సంస్కృతనామమును ధరించి రాజయ్యెను. మనుమఁడు యజ్ఞము చేసి శిలపై నక్షరములు చెక్కించెను. బ్రాహ్మణులు వచ్చిరి, నిజమే. కాని రాజ్యము వారిది గాదు.

5వ శతాబ్దిలో జావా పశ్చిమభాగమును తారుమానగరరాజైన పూర్ణవర్మ పాలించెను. తుగు గ్రామపు శాసనమునుబట్టి, ఆతఁడు తన 22వ పాలనవర్షమున 6,122 ధనువుల పొడవు గల గోమతి యను కాలువను 21 దినములలోఁ ద్రవ్వించి, బ్రాహ్మణులకు 1,000 గోవుల నిచ్చెను. కాలువ పేరు భారతదేశపు నదిది. వరద నడ్డుకొనవలసిన నేల మాత్రము జావాది. చెఱువులు కాలువలు త్రవ్వించి శాసనములు వేయించుట తెలుఁగువారికి సుపరిచితమైన రాజధర్మము. అచ్చటి రాజునకును ఆ ధర్మమును గీర్తి నిచ్చు భాషలోఁ జెప్పుకొను నవసరము కలిగెను.

శాసనములు వేయించినవారు రాజులైనను, అక్షరములను మోసికొనిపోయినవారందఱు రాజాశ్రితులు గారు. దక్షిణథాయిలాండులోని ఖువాన్ లుక్‌పత్ అనుచోట నొక చిన్న ఒఱఁగల్లు దొరకినది. ఇది పెరుంపతన్ అను కంసాలి రాయి యని తమిళబ్రాహ్మిలో దానిపై వ్రాయఁబడినది. 3, 4 శతాబ్దులనాఁటిది. మలయాదేశపు కెడా తీరప్రాంతమున జేమ్సు లో 1834లోఁ గనుఁగొనిన శిలపై, రక్తమృత్తికావాసి యగు బుద్ధగుప్తుఁడను మహానావికుని పేరు కలదు. అది 5వ శతాబ్దిది. రక్తమృత్తిక వంగదేశమందలి స్థలము. ఈ రెండింటివలన, బంగారము గీటు చూచువాఁడును నావ నడపువాఁడును గూడ నక్షరములతోఁ బయనించి రని తేలుచున్నది. ఆ సముద్రముపై భారతీయులు మాత్రమే నావలు నడపలేదు. మలయా, జావా ప్రాంతముల నావికులు స్వయముగా దూరయానములు చేయుచుండిరి. లిపి వచ్చిన నావలలో వారివియు నున్నవనుట యుక్తము.

దేశభాషలు శాసనమెక్కుట

సంస్కృతశాసనములతోనే చరిత్ర ముగిసియున్నచో, వాన్ లూర్ చెప్పిన పైపూఁత వాదమే నిలుచును. రాజు తన గౌరవముకొఱకు, చదువువారు కొలఁదిమంది గల భాషలో నాలుగు శ్లోకములు చెక్కించెనని సరిపెట్టుకొనవచ్చును. కాని అతిప్రాచీనకాలముననే ఆ లిపి దేశభాషల చేతికిఁ జిక్కినది.

వియత్నాము మధ్యభాగమందలి త్రాకియూ దగ్గఱ, డోంగ్‌యెన్‌చౌ అనుచోట, చంపాభాషలో నొక చిన్న శాసనము కలదు. అది 4వ శతాబ్ది చివరిదని పలువురి యభిప్రాయము. మలయా, జావా, చంపాభాషలు చేరిన మహాకుటుంబమున నింతకన్నఁ బ్రాచీనమైన వ్రాఁత కానరాదు. అందలి విషయము రాజుగారి నాగము. దానిని మన్నించువారికి శుభము కలుగుననియు, అవమానించువారు వేయేండ్లు ఏడు కులములతో నరకమున నుందు రనియు చెప్పఁబడినది. నాగ, స్వర్గ, నరక, కుల శబ్దములు సంస్కృతమునుండి వచ్చినవి. వానిని గూర్చిన వాక్యరచన, సంఖ్యావాచకములు, క్రియలు మాత్రము చంపాభాషవే. దేశపు నాగదేవతకు దేశపు భాషలో రక్షణ కల్పించుటకై పరదేశపు లిపి వినియోగమైనది.

కంబుజదేశము, అనఁగా నేఁటి కాంబోడియాలో, తేదీ గల ఖ్మేరుభాషా శాసనములలో మొదటిది శక 533, క్రీ. శ. 611 నాఁటిది. అంకోర్ బోరైలో దొరకిన యీ శాసనమున దేవాలయమున కిచ్చిన బానిసలు, పశువులు, కొబ్బరిచెట్లు, వరిపొలము లెక్కింపఁబడినవి. అప్పటినుండి కంబుజశాసనములలో నొక పనివిభజన స్పష్టముగాఁ గానవచ్చును. దేవతాస్తుతియు రాజప్రశస్తియు సంస్కృతశ్లోకములలో నుండును. పొలముల హద్దులు, ధాన్యపుఁ గొలతలు, సేవకుల పేళ్లు ఖ్మేరుభాషలో నుండును. ఎవ్వరును పాడని యా బానిసల పేళ్లు నేఁటికి నిలిచినవి ఖ్మేరు భాగమువలననే. లిపి యిచ్చటఁ గీర్తికి మాత్రమే గాక లెక్కకును, ఆస్తికిని, దాస్యమునకును సాధనమైనది.

సుమత్రాదీవియందలి పాలెంబాంగు సమీపమున 1920లో దొరకిన కెడుకాన్ బుకిట్ శాసనము శక 605 నాఁటిది, భాష ప్రాచీనమలయా. శ్రీవిజయరాజ్యపు తొలిశాసనములలో నిది యొకటి. అదే కాలమున ఆ పట్టణమున సంస్కృతవిద్యయు వర్ధిల్లుచుండెను. చీనాభిక్షువు ఇత్సింగు 671లో నాలందకుఁ బ్రయాణమై, దారిలో శ్రీవిజయమున ఆఱునెలలు నిలిచి సంస్కృతవ్యాకరణము నభ్యసించెను. భారతదేశమునకుఁ బోఁదలఁచిన చీనాభిక్షువులు ముందుగా నచ్చటఁ జదువుకొనుట మేలని వ్రాసెను. స్వీకరించిన దేశము కొలఁదికాలమునకే బోధించు దేశమయ్యెను.

జావాలో తేదీ గల ప్రాచీనజావాభాషా శాసనము సుకబూమిలోనిది. శక 726, క్రీ. శ. 804. అందలి ప్రధానవిషయము హరింజింగు నదిపైఁ గట్టిన యానకట్ట. ఫిలిప్పీను దీవులలో లగూనా ప్రాంతమున దొరకిన తామ్రపత్రము శక 822, క్రీ. శ. 900 నాఁటిది. అది ఋణవిమోచనపత్రము. నామ్వరాన్ అనువాని కుటుంబము ఒక కాటి యెనిమిది సువర్ణముల బాకీనుండి విముక్తమైనదని యందు వ్రాయఁబడినది. రాజప్రశస్తి లేదు, యజ్ఞము లేదు. బాకీ తీఱిన కుటుంబమునకు, మఱల నెవ్వరు నడుగకుండునట్లు చేతిలో నొక పత్రము కావలసివచ్చెను. శకవర్షము, వైశాఖమాసము, కృష్ణపక్షము, తిథి యను కాలగణన యంతయు నందుఁ గలదు. పైపూఁత యింతలోఁతునకు దిగదు.

బర్మాలో ప్యూజాతివారి రాజధాని శ్రీక్షేత్రమున 1926–27లో ఖిన్‌బా దిబ్బ త్రవ్వఁబడినపుడు, 20 బంగారురేకుల పాలీగ్రంథ మొకటి దొరకినది. అది 5, 6 శతాబ్దులనాఁటిది. దాని లిపికి దక్షిణదేశపు, అందును ఆంధ్రకుంతల ప్రాంతముల శాసనలిపితోఁ బోలిక కలదని పరిశోధకు లెఱింగించిరి. ప్యూలు తమ భాషకును ఆ లిపినే వాడి, అక్షరములకు మీఁదను క్రిందను చుక్కలు చేర్చిరి. అవి సంస్కృతమున లేని ధ్వనిభేదములకు గుర్తులని పండితుల యభిప్రాయము. మరణించిన యా భాషను చదువుటకుఁ దోడ్పడినది పగానులోని మ్యజేది శాసనము. 12వ శతాబ్ది యారంభమున ఒకే విషయము పాలీ, మోను, బర్మా, ప్యూ భాషలు నాలుగింటిలో నందుఁ జెక్కఁబడినది. దాని సాహాయ్యముననే బ్లాగ్డెను 1911లో ప్యూభాష చిక్కు విప్పెను.

బర్మాను గూర్చి యాంధ్రదేశమున వేఱొక మాట ప్రచారములో నున్నది. మోనులకు బర్మావారు పెట్టిన తలైంగు అను పేరు తెలింగ శబ్దమునుండి పుట్టినదనియు, కాఁబట్టి మోనులు తెలుఁగువారి వలససంతతి యనియు కొందఱు వ్రాసిరి. ఈ వ్యుత్పత్తి నిర్ధారితము గాలేదు. మోనుల భాష ఖ్మేరుభాషకు బంధువు గాని తెలుఁగునకు గాదు. పేళ్ల పోలికపైఁ గట్టిన వాదము గాలికి నిలువదు. బర్మా యక్షరములును తెలుఁగక్షరములును గుండ్రముగా నుండుటయుఁ బైకిఁ గనఁబడు పోలికయే. రెండు లిపులు నొకే దాక్షిణాత్యబ్రాహ్మినుండి వేర్వేఱు దారులఁ బెరిగినవి. వాని సంబంధము తోఁబుట్టువుల సంబంధము. తల్లీబిడ్డల సంబంధము గాదు.

సున్న

లిపితోఁ గూడ అంకెలును బయనించెను. సంస్కృతశాసనములలో సంవత్సరమును మాటలతోఁ జెప్పుట యాచారము. జావాలో సంజయరాజు వేయించిన చంగల్ శాసనమున శ్రుతి, ఇంద్రియ, రస శబ్దములచేత 4, 5, 6 సంఖ్యలు సూచింపఁబడి, కుడినుండి యెడమకుఁ జదువఁగా శక 654, అనఁగా క్రీ. శ. 732 వచ్చును. ఛందస్సున కిది యనుకూలము. వాడుకభాషలో వ్రాయు లేఖకున కీ యలంకారముతోఁ బనిలేదు. ఆతఁడు నేరుగా నంకెలు వేసెను.

కంబుజదేశపు సంబోరులో దొరకిన ఖ్మేరుశాసనమున శక 605, క్రీ. శ. 683, అంకెలతో వ్రాయఁబడి, నడుమ సున్నకు మాఱుగాఁ జుక్క పెట్టఁబడినది. తేదీ గల శిలాలేఖనములలో సున్నకు ఇంతకన్నఁ బ్రాచీనమైన నిదర్శనము లరుదు. గ్వాలియరు దేవాలయమందలి ప్రసిద్ధమైన సున్న 876 నాఁటిది. స్థానగణితము భారతదేశమున నర్వాచీనమని వాదించువారికి జార్జి సెదేసు 1931లో నీ శాసనము నుదాహరించి సమాధానము చెప్పెను. కాంబోడియా కల్లోలములలో జాడ తెలియకపోయిన యా శిల 2013లో మఱలఁ గనుఁగొనఁబడినది. భారతీయగణితపు ప్రాచీనతకు సాక్ష్యము చెప్పవలసివచ్చినపుడు ముందుకు వచ్చినవాఁడు సముద్రమున కావలనున్న ఖ్మేరులేఖకుఁడు. ఇచ్చినవారి కీర్తిని తీసికొన్నవారు కాపాడి రనుట కింతకంటె స్పష్టమైన తార్కాణము దొరకదు.

నాటుకొనని లిపి

లిపి యేదైన వచ్చినంతనే నిలుచునా? నిలువదు. 8వ శతాబ్ది చివర ఉత్తరభారతపు లిపి జావాకు వచ్చెను. 778 నాఁటి కలసన్ శాసనమును, 782 నాఁటి కెలురక్ శాసనమును ఆ లిపిలోనివే. 9వ శతాబ్ది చివర కంబుజరాజు యశోవర్మ ఒకే సంస్కృతపాఠమును ఒకవైపు దేశపు లిపిలోను, మఱియొకవైపు ఉత్తరదేశపు లిపిలోను చెక్కించి పెక్కుచోట్ల శాసనములు నిలిపెను. నాలంద, వంగదేశముల బౌద్ధవిద్యాపీఠముల ప్రతిష్ఠ యీ లిపికి వెన్నుదన్నుగా నుండెను. అయినను అది శాసనాలంకారముగా నుండి కొంతకాలమునకు మఱుఁగుపడెను. అంతకుముందే రైతు పొలమునకును, దేవాలయపు లెక్కకును ఉపయోగపడిన పాతలిపియే దేశపు లిపియై నిలిచెను. నేఁటి ఖ్మేరు, బర్మా, థాయి, లావో, జావా, బలి లిపులు దాని సంతతివే. ప్రతిష్ఠవలన లిపి రాఁగలదు. నిలుచుట మాత్రము వాడుకవలననే.

నిలుపుకొన్నవారు దానిని తమ నోటికిఁ దగినట్లు కత్తిరించిరి. ఫిలిప్పీనులోని తగాలుభాషకు వాడిన బైబాయిను లిపిలో అచ్చులు మూఁడు, హల్లులు పదునాలుగు మాత్రమే. వత్తక్షరములు ఆ భాషకుఁ బనికిరావు; కాఁబట్టి వదలివేయఁబడినవి. భట్టిప్రోలు లేఖకుఁడు చేసిన పనియే యది.

తెలుఁగునకు నిదే దారి

ఈ చరిత్రమును దూరదేశపు వింతగాఁ జూచుట తగదు. తెలుఁగుభాష శాసనమెక్కిన తీరును దీనితోఁ బోల్చి చూడవలెను. ఆంధ్రదేశమున మొదట ప్రాకృతశాసనములు, పిదప సంస్కృతశాసనములు వెలసినవి. వానిలో నచ్చటచ్చటఁ దెలుఁగు పేళ్లు తొంగిచూచుచుండెను. పూర్తిగాఁ దెలుఁగున వ్రాయఁబడిన శాసనములలో మొదటిది కడపమండలపు కలమళ్లలో రేనాటిచోడుఁడగు ఎరికల్ ముత్తురాజు ధనంజయుఁడు వేయించినది, క్రీ. శ. 575 ప్రాంతపుది. కన్నడమున హల్మిడి శాసనము 450 ప్రాంతపుది. ఖ్మేరున మొదటి తేదీ 611. చంపాభాష యీ మూఁడింటికన్నను ముందుగా శాసనమెక్కినదని కనఁబడుచున్నది.

రేనాటి శాసనముల లేఖకులును తెచ్చుకొన్న లిపిని సవరించుకొనిరి. సంస్కృతప్రాకృతములలో లేని ఱకారమునకు వారొక యక్షరమును వాడిరి. తరువాతి తూర్పుచాళుక్య తామ్రశాసనములలో రాజవంశప్రశస్తి సంస్కృతమున నుండును; గ్రామపు హద్దులకు వచ్చునప్పటికి చెఱువు పేరును, గుట్ట పేరును, చెట్టు పేరును తెలుఁగులో వచ్చును. కంబుజశాసనములలోని పనివిభజనయే యిది. రెండు దేశముల లేఖకు లొకరినొక రెఱుఁగరు. ఇరువురికిని ఒకే యవసరము కలిగెను: పైలోకమునకుఁ దెలియవలసినది పైలోకపు భాషలోను, ఊరివారికిఁ దెలియవలసినది ఊరి భాషలోను వ్రాయుట. ఆ రెండు పనులకు నొకే లిపి చాలినది.

తెలుఁగుదేశము ప్రాకృతసంస్కృతములకు వలసరాజ్యమని యెవ్వరు ననరు. సంస్కృతము తెలుఁగుపైఁ బలుచని పైపూఁత యనియు నెవ్వరు ననరు. తెలుఁగువారు పరిచయము గల లిపిని, శబ్దసంపదను గైకొని, తమ భాషకు శాసనత్వమును, పిదప గ్రంథత్వమును సంపాదించుకొనిరి. చంపావాసులు, ఖ్మేరులు, మలయాలు, జావావారు చేసినదియు నింతియే. సముద్రమున కీవలి యొడ్డునఁ దగిన న్యాయము ఆవలి యొడ్డునను దగును. వలసవాదమునకును పైపూఁతవాదమునకును గల లోప మొక్కటియే: అవి సముద్రమును ఎల్లగాఁ జేసి, ఈవలివారిని దాతలుగాను ఆవలివారిని గ్రహీతలుగాను విడఁదీసి, ఎవరికెంత కీర్తి యని పంచఁబోయినవి. లిపి యా యెల్లను గుర్తింపలేదు. భట్టిప్రోలునుండి మూవారకామను వఱకు, కలమళ్లనుండి లగూనా వఱకు నొకే రీతిగా నడచినది.

కాఁబట్టి భారతీయసంస్కృతి వ్యాప్తికిఁ బ్రమాణము, ఎన్ని దేశములలో సంస్కృతశ్లోకములు చెక్కఁబడిన వనునది గాదు. ఆ యక్షరములచేత నెన్ని భాషలు తమ మాటను తాము వ్రాసికొనఁగలిగిన వనునదియే ప్రమాణము. మూలవర్మ యజ్ఞము నేఁడు లేదు. పూర్ణవర్మ రాజ్యము లేదు. శ్రీవిజయపు నావలు లేవు. ఖ్మేరుబాలుఁడు మాత్రము నేఁటికిని పలకపై క, ఖ, గ, ఘ, ఙ వరుసనే దిద్దుచున్నాఁడు. ఆ వరుసను దిద్దు తెలుఁగుబాలునకు వాఁడు పొరుగువాఁడు.